అంచు నేసిన పారాచూట్లు

సినిమాల్లో బట్టల పని నేర్చుకుంటామని ఈ మధ్య కొందరు పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఏ హీరోకు ఏ చొక్కా తొడిగాను, ఎవరి చీర ఎక్కడ కొన్నాను అని అడుగుతారు. నాకవేవీ గుర్తుండవు. ముప్పై నాలుగేళ్లు కాస్ట్యూమర్‌గా చేశాను. అందులో సగం కాలం ఊడిపోయిన గుండీలు వెతకడానికే సరిపోయింది.

ఎన్ని సినిమాలు చేశానో, ఎవరి నడుం కొలత ఎంతో ఇక్కడ రాయబోవడం లేదు. మొదటిది ఎవరికీ అక్కర్లేదు, రెండోది రాస్తే కొందరు కర్ర పట్టుకుని వస్తారు. ఈ పనిలో నేర్చుకున్నదంతా ఒక్క సినిమాతో చెప్పొచ్చు. అది యుద్ధం సినిమా. విమానంలోంచి దూకిన సైనికులు తప్పు జాగాలో దిగి ఓడిపోయిన కథ. కథలో వాళ్లు ఎన్ని తప్పులు చేశారో, బయట వాళ్లకు బట్టలు కుట్టించిన నేను అంతకు రెండు ఎక్కువే చేశాను. అయినా ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కడినే కూర్చుని నవ్వుకుంటాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, మళ్లీ మేకలేనా అంటుంది.

మూడు నీళ్లు

ముందు మా మేస్త్రీ ఖాదర్ సాబ్ గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఆయన దగ్గరే ఈ పనిలో చేరాను. మొదటి ఏడాది ఒక బిచ్చగాడి వేషానికి బట్టలు తయారు చేయమన్నాడు. నేను కొత్త చొక్కా తెచ్చి, కత్తెరతో అక్కడక్కడా చింపి, అలవాటు కొద్దీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి చేతికిచ్చాను. ఆయన తిట్టలేదు. అది నన్నే తొడుక్కుని మధ్యాహ్నం దాకా బస్టాండులో కూర్చుని రమ్మన్నాడు. కూర్చున్నాను. ఒక కానిస్టేబులు దగ్గరికొచ్చి, ఏ నాటకం కంపెనీ అని మర్యాదగా అడిగాడు. తిరిగి వచ్చి ఈ మాట చెబితే ఖాదర్ సాబ్ తాగుతున్న చాయ్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ చొక్కా నా ఒంటి మీదే ఉంది. తిన్నా అందులోనే, పడుకున్నా అందులోనే. ఎనిమిదో రోజున విప్పించి వేషగాడికి తొడిగాడు. బట్టలో ముందు మనిషి బతకాలి, అప్పుడే కెమెరా నమ్ముతుందని ఆయన మాట.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. మగ్గం దిగిన బట్ట ఏదైనా సరే, మూడు నీళ్లలో నానబెట్టి ఉతికాకే బయటికి తీయాలి. నేసేటప్పుడు పోగు తెగకుండా గంజి పెడతారు. ఆ గంజి పోయేదాకా బట్ట అట్టలా నిలబడుతుంది, గాలికి కదలదు, ఒంటికి ఒదగదు. ఆయన ఇది చెబుతుంటే నాకు లోపల నవ్వొచ్చింది. నేను పుట్టింది నారాయణపేటలో, నేతగాళ్ల ఇంట్లో. వీధి పొడవునా నూలు సాగదీసి గంజి పెడుతుంటే ఆ వాసనలో పెరిగినవాణ్ణి. గంజి గురించి నాకు చెప్పడమేమిటి అనుకున్నాను. ఆ నవ్వు చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చి నా నెత్తినే పడింది.

బట్టయితే నీదే

మన రాష్ట్రం వచ్చిన మూడు నాలుగేళ్లకు ఈ యుద్ధం సినిమా వచ్చింది. అప్పటికి ఖాదర్ సాబ్ లేడు. నేనే మేస్త్రీని, తల కూడా నెరిసింది. డైరెక్టరు గోదావరి వైపు కుర్రాడు, అది అతనికి రెండో సినిమా. కథ అతను సొంతంగా అల్లుకున్నదే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరవై మంది సైనికులను ఒక వంతెన పట్టుకోమని పారాచూట్లతో దింపుతారు. గాలి మళ్లి వాళ్లు ఎక్కడో దిగుతారు. వైర్‌లెస్ పలకదు, సాయం రాదు. ఆఖరికి ఎవరూ మిగలరు. డైరెక్టరు ఈ కథ చెప్పినప్పుడల్లా అతని కళ్లలోనే ముందు నీళ్లు తిరిగేవి. మేమంతా గౌరవంగా కింద చూసేవాళ్లం.

షూటింగుకు నారాయణపేట నుంచి మక్తల్ పోయే వైపు ఒక మెట్ట చెలక చూశారు. ఎర్ర నేల, రాళ్ల గుట్ట, కోసేసిన జొన్న మొదళ్లు. చూస్తే ఏ దేశమో ఎవరూ చెప్పలేరని డైరెక్టరు మురిసిపోయాడు. నేను చెప్పగలను, కానీ నన్నెవరూ అడగలేదు.

సైనికుల్లో చాలామంది మా చుట్టుపక్కల పిల్లలే. వాళ్ల యూనిఫారాలను ఎర్రమట్టి నీళ్లలో, చాయ్ డికాషన్‌లో ముంచి, ఎండలో వేసి, పాతవాటిని చేశాను. అది ఖాదర్ సాబ్ నేర్పిన విద్య, చక్కగా కుదిరింది. పిల్లలకు బూట్లే గిట్టలేదు. కెమెరా ఆగితే చాలు, విప్పి పక్కన పడేసి ఉత్త కాళ్లతో గుట్ట ఎక్కి సీతాఫలాలు వెతుక్కునేవాళ్లు. ఒకసారి శత్రువుల మీదికి దూకే సీనులో ముగ్గురు వీరులు బూట్లు లేకుండానే దూకారు. అది ఎవరూ గమనించలేదు, సినిమాలో ఇప్పటికీ ఉంది.

అసలు పేచీ పారాచూట్ల దగ్గర వచ్చింది. అవి సెట్టు సామాను కిందికి వస్తాయా, దుస్తుల కిందికి వస్తాయా అని ఆర్ట్ డైరెక్టరుకూ నాకూ రెండు రోజులు నడిచింది. ప్రొడక్షన్ మేనేజరు అన్నం తింటూ విన్నాడు. విని, అది బట్టతో చేస్తారా అని అడిగాడు. అవునన్నాం. బట్టయితే శంకరయ్యదే అని నన్ను చూపించి చెయ్యి కడుక్కున్నాడు. ఈ పనిలో పెద్ద పెద్ద తీర్పులన్నీ ఇలాగే జరుగుతాయి, బాధపడకూడదు.

నైలాన్‌తో ఒకటి కుట్టించి చూపిస్తే డైరెక్టరు, అది పెళ్లి షామియానాలా మెరుస్తోందన్నాడు. ఆ కాలం నాటి ముతక బట్ట కావాలట, చేత్తో నేసినట్టు ఉండాలట. అక్కడే నేను నోరు జారాను. మా ఇంట్లో నేస్తారు సార్ అన్నాను.

వదినె అడిగిన మాట

మా అన్న బాలరాజు, వదినె సత్తెమ్మ ఇంకా నేస్తూనే ఉన్నారు. నేను హైదరాబాద్ వెళ్లిపోయాక ఇంటి మగ్గాలను నిలబెట్టింది వాళ్లిద్దరే. నిజం చెప్పాలంటే వదినె. అన్న మాట్లాడే మనిషి కాదు. చాయ్ తాగుతావా అని అడిగినా వదినె వైపు చూస్తాడు.

పని చెప్పాను. తెల్లటి ముతక బట్ట, ఇరవై పారాచూట్లకు సరిపడా. మా ఇంట్లోవీ పక్కింట్లోవీ కలిపి ఆరు మగ్గాలకు నెల పైన పని. వదినె కూలి గురించి అడగలేదు. బట్ట తెర మీద కనపడుతుందా అని అడిగింది.

ఆమె నలభై ఏళ్లుగా చీరలు నేస్తోంది. చీర మగ్గం దిగుతుంది, షావుకారు మనిషి వచ్చి పట్టుకుపోతాడు, అంతటితో సరి. ఆ చీర ఏ ఊరు చేరిందో, ఎవరు కట్టుకున్నారో, పెళ్లిలో కట్టుకున్నారో కలుపు తీయడానికి కట్టుకున్నారో ఆమెకు తెలియదు. బస్సులో ఎవరైనా నారాయణపేట చీరతో కనిపిస్తే కొంగు పట్టుకుని అంచు చూస్తుంది, తనది కాదని తేల్చుకుని వదిలేస్తుంది. ఒకసారి అలా పట్టుకుంటే ఆ మనిషి దొంగ దొంగ అని బస్సు ఆపించింది. అది చెబుతూ వదినె తనే పగలబడి నవ్వింది. నవ్వు ఆపాక మాత్రం మాట నెమ్మదిగా వచ్చింది.

"నేను నేసింది లోకంల యాడన్న ఉన్నదో లేదో నాకు తెల్వదు శంకరయ్యా. ఒక్కసారి గా తెర మీద సూపియ్యి. సూపియ్యకుంటే మల్ల నా వాకిట్లకు రాకు."

చూపిస్తానని మాట ఇచ్చాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ముఖ్యంగా చెబుతున్నాను, తెర మీద కనపడతావని ఎవరికీ మాట ఇవ్వకండి. మీకు పైన డైరెక్టరు ఉంటాడు. ఆయనకు పైన ఎడిటింగు గది ఉంటుంది. ఆ గదిలో ఏం మిగులుతుందో దేవుడికి కూడా ముందు తెలియదు. నేను అంత అనుభవం పెట్టుకుని కూడా ఇచ్చాను. వదినె అలా అడిగితే ఇవ్వకుండా ఉండే మనిషిని నేను ఇంకా చూడలేదు.

పది రోజుల తర్వాత పని చూడ్డానికి వెళ్లి గడపలోనే ఆగిపోయాను. ఆరు మగ్గాల మీదా తెల్ల బట్ట దిగుతోంది. ఆరింటికీ ఒక పక్క బొటనవేలంత వెడల్పున కుంకుమ రంగు అంచు.

ఉత్త తెల్లది కావాలని చెప్పాను కదా అన్నాను. వదినె మగ్గం ఆపలేదు. అంచు లేని తెల్ల బట్ట మనింట్లో దేనికి నేస్తారో చెప్పమంది. నాకు తెలుసు. మా ఇంట్లో అలాంటి బట్టకు ఒక్కటే పని, పోయినవాళ్ల మీద కప్పడం. అది కూడా ఎవరైనా పోయాకే మగ్గం ఎక్కిస్తారు, ముందుగా నేసి పెట్టరు.

"గసుంటి బట్ట కట్టి గా పోరగాండ్లను ఆకాశంలకెల్లి దుంకిపిస్తవా?" అంది.

"కథల అందరు సస్తరు వదినె. గది ఉత్త కథ."

"కథ రాసినాయిన సంపుకుంటె సంపుకోని. నా చేతుల్తోని పీనుగు బట్ట నేను నెయ్య."

అన్న వైపు చూశాను. ఆయన వదినె వైపు చూశాడు. ఇంకేముంది, అయిపోయింది. దూరం నుంచి తీసే షాటులో ఆ కాస్త ఎరుపు ఎవరికి కనపడుతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. డైరెక్టరుకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పకపోవడం నా మొదటి తప్పు. పై అధికారికి చెడ్డ వార్త ఎంత తొందరగా చెబితే అంత చిన్నదిగా ఉంటుంది. నేను దాన్ని నెల రోజులు మూట కట్టి పెంచాను.

లంగా కుట్టినట్టు

బట్ట తయారయ్యాక కుట్టే పని మా వీధి దర్జీలకే ఇచ్చాను. నమూనా కాగితం గీసి, కొలతలు రాసి, ఒకటి పక్కనే కూర్చుని కుట్టించి హైదరాబాద్ వెళ్లాను. వాళ్లు నా ముందు కుట్టినదానిలో అంచును మడిచి కుట్టులోకి పంపారు. నేను బస్సెక్కగానే వాళ్ల మనసు ఒప్పుకోలేదు. జన్మంతా లంగాలూ జాకెట్లూ కుట్టిన చేతులవి. అంత చక్కని అంచును లోపలికి దాచడం ఎవరికి చేతనవుతుంది? మిగతా పంతొమ్మిదింటికీ అంచును కింద చుట్టూ, అందంగా, బయటికి కనపడేలా తిప్పారు. పైగా నాకు సంతోషం కలుగుతుందని మొదటిదాన్ని కూడా విప్పి అలాగే కుట్టారు.

షూటింగుకు రెండు రోజుల ముందు మూటలు చెలకకు చేరాయి. డైరెక్టరు ఒకటి విప్పించి నేల మీద పరిపించాడు. దాని చుట్టూ ఒకసారి నడిచాడు.

"ఏంటన్నా ఇది? సైనికులు దిగుతున్నారా, లంగాలు ఆరేశారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మేనేజరు అందరికంటే గట్టిగా నవ్వి, ఈ గొడవంతా ఎందుకు, ఆకాశంలో పారాచూట్లను కంప్యూటర్‌లో గీయించుకుందాం అన్నాడు. నాకప్పుడు దాచడానికి ఇంకేమీ మిగల్లేదు. వదినె సంగతి మొత్తం చెప్పేశాను. అంచు లేని బట్ట దేనికి నేస్తారో, ఆమె ఎందుకు నేయనన్నదో, తెర మీద ఒక్కసారి చూపించమని ఏం అడిగిందో అన్నీ. డైరెక్టరు నవ్వడం మానేశాడు. వంగి ఆ ఎర్ర అంచును వేళ్లతో తడిమాడు.

చివరికి ఒక్క అవకాశం ఇచ్చాడు. ఎల్లుండి పొద్దున ఇరవై గడ్డి బొమ్మలకు ఇరవై పారాచూట్లు కట్టి గుట్ట మీంచి వదలాలి. గాలికి బాగా విచ్చుకుంటే అంచుతోనే ఉంచుతాడు. లేకపోతే కంప్యూటరే. నేను అతని చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పాను. యాభై ఎనిమిదేళ్ల మనిషిని, మొహమాటం కూడా లేకపోయింది.

అప్పుడు చేశాను అసలు తప్పు. బట్ట మగ్గం మీంచి దర్జీకి, దర్జీ నుంచి చెలకకు నేరుగా వచ్చింది. ఒక్క నీరు కూడా చూడలేదు. ఉతకాలని నాకు తెలుసు. కానీ ఆ చెలకలో బోరు రెండు గంటలు పోస్తే నాలుగు గంటలు అలుగుతుంది. మబ్బు కూడా పట్టి ఉంది, ఉతికితే ఆరుతాయో లేదో. గంజి ఉంటే పారాచూటు గుండ్రంగా నిలబడుతుందిలే, ఇంకా అందంగా ఉంటుంది అని ఒక శాస్త్రం కూడా కల్పించుకున్నాను. పని ఎగ్గొట్టాలనుకున్నప్పుడు మనిషికి ఎంత తెలివి వస్తుందో చూడండి.

గుట్ట మీది నుంచి

పొద్దున ఏడింటికి అంతా సిద్ధం. గుట్ట మీద ఇరవై మంది, ఒక్కొక్కరి చేతిలో గడ్డి కుక్కిన ఒక సైనికుడు. కింద రెండు కెమెరాలు. గాలి కూడా మాకు కావలసిన వైపే వీస్తోంది. డైరెక్టరు మైకులో ఒకటీ రెండూ మూడూ అన్నాడు.

ఇరవై పారాచూట్లలో ఒక్కటీ విచ్చుకోలేదు. గంజికి బిర్రబిగిసిన బట్ట మడతలు మడతలుగానే ఉండిపోయింది. సగం బొమ్మలు రాయి పడ్డట్టు గుట్ట మొదట్లోనే పడ్డాయి. మిగతావాటిని గాలి అప్పడాలను తోసినట్టు తోసుకుంటూ పోయి, కెమెరాలు ఉన్న వైపు కాక, అవతలి చెలకలో పడేసింది. మా సైనికులు కథలో కంటే ఘోరంగా దారి తప్పారు. ఒకడు నేరుగా వంట డేరా మీద దిగాడు. ఉప్మా చేస్తున్న వంటమనిషి గరిటె పట్టుకుని బయటికొచ్చి, ఇది ఏ సైన్యం అని అడిగాడు.

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, నేను తప్ప. డైరెక్టరు నా భుజం మీద చెయ్యి వేసి, కంప్యూటర్‌లో చేయించుకుందాం అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. తప్పు వదినెది కాదు. ఆమె అంచుదీ కాదు, దర్జీలదీ కాదు. బట్టకు మూడు నీళ్లు పెట్టని నాది. గంజి వాసనలో పుట్టి పెరిగినవాడు గంజి దగ్గరే బోల్తా పడ్డాడు. ఇప్పుడు ఆమె వాకిట్లోకి ఏ మొహంతో పోవాలో తెలియక, ఉప్మా ప్లేటు ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాను.

అప్పుడొచ్చాయి మేకలు.

అవతలి చెలక మల్లయ్య అనే గొర్ల కాపరి మేపుకునే జాగా. అతని మంద గుట్ట చుట్టూ తిరిగి వచ్చింది. జొన్న మొదళ్ల మధ్య తెల్లగా పడి ఉన్న పారాచూట్లను చూసింది. గంజి వాసన తెలిసిన మేకలు ముందు నడిచాయి, గొర్లు వెనక నడిచాయి. నేను తేరుకునేసరికి ఒక నల్ల మేక ఎర్ర అంచును నోట పట్టుకుని, కళ్లు సగం మూసుకుని, తీరిగ్గా నములుతోంది. దాని పక్కన గడ్డి సైనికుడు వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు.

ప్లేటు పారేసి అరుచుకుంటూ పరిగెత్తాను. నాలుగు అడుగులు వేశానో లేదో వెనక నుంచి డైరెక్టరు గొంతు వినపడింది.

"అన్నా, ఆగు. ఎవ్వరూ కదలొద్దు."

కెమెరాను మేకల వైపు తిప్పేశారు, అది నడుస్తోంది. నేను ఒంటి కాలు మీద ఆగిపోయాను. ఆ చెలకలో మేకలు నమిలే చప్పుడొక్కటే వినపడుతోంది. మబ్బు విడిపోయి పలచని ఎండ ఆ తెల్ల బట్టల మీద పడింది. మల్లయ్య భుజాన గొంగడి వేసుకుని, మమ్మల్ని పట్టించుకోకుండా, పారాచూట్ల మధ్య నుంచి నడిచి వెళ్లాడు. డైరెక్టరు కళ్లలో ఎప్పటిలాగే నీళ్లు.

షాటు అయ్యాక అతను మల్లయ్య దగ్గరికి పోయి, మందను వెనక్కి తోలి ఇంకోసారి తీసుకురమ్మని బతిమాలాడు. మల్లయ్య ఒప్పుకోలేదు.

"ఇగ తినయి సార్, కడుపులు నిండినయి. కావల్నంటె రేపొస్త." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వేనా బట్టల మేస్త్రివి? కొత్త బట్టకు మూడు నీళ్లు పెట్టాలని తెల్వదా నీకు?"

యూనిట్ అంతా విన్నది. ఖాదర్ సాబ్ ఎక్కడున్నాడో కానీ, ఆ రోజు చాయ్ గ్లాసు పక్కన పెట్టి నవ్వి ఉంటాడు.

టాకీసులో

ఆ తర్వాత నేను పని మానేశాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. సినిమా పూర్తవడానికి ఏడాది పైనే పట్టింది. మేకల షాటు ఉందో తీసేశారో నాకెవరూ చెప్పలేదు, నేను అడిగే ధైర్యం చేయలేదు. వదినె మాత్రం ప్రతి ఫోనులో అడిగేది. నేను వాతావరణం గురించి మాట్లాడేవాణ్ణి.

సినిమా నారాయణపేటకు వచ్చిన రోజున మ్యాట్నీకి వీధి వీధంతా కదిలింది. నేసినవాళ్లు, కుట్టినవాళ్లు, సైనికులైన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. రెండు వరుసలు మావే. వదినె తను నేసుకున్న చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది, అవతల అన్న.

విమానం వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆకాశం నిండా పారాచూట్లు విచ్చుకున్నాయి. హాలంతా ఈలలు. ఎంతో అందంగా, గుండ్రంగా, తెల్లగా ఉన్నాయి. ఒక్కదానికీ అంచు లేదు.

వదినె చాలాసేపు చూసి, గవి నావి గావు అంది. ఇంటర్వెల్‌లో సమోసా తెచ్చిస్తే తీసుకోలేదు. ముప్పై నాలుగేళ్లలో ఎందరో పెద్ద హీరోలు నా మీద అరిచారు, ఒక్కరి కోపం కూడా ఆ సమోసాలా గుచ్చుకోలేదు.

రెండో సగంలో కథ తెలిసినదే. వంతెన దొరకలేదు, సాయం రాలేదు, పిల్లలు ఒక్కొక్కరే రాళ్ల వెనక్కి జారిపోయారు. చివరి పోరాటాన్ని డైరెక్టరు పూర్తిగా చూపించలేదు. తుపాకులు మోగి మోగి ఆగిపోయాయి. తెర కాసేపు చీకటైంది. హాలులో ముక్కులు ఎగబీల్చే చప్పుడు. నేను తల దించుకుని, బయటికి పోయే దారి ఎటుందో చూసుకుంటున్నాను.

వదినె నా మోచెయ్యి పట్టుకుని పిసికింది. తల ఎత్తాను.

తెర నిండా చెలక. పలచని ఎండలో పరుచుకున్న తెల్ల బట్టలు. వాటి చుట్టూ కుంకుమ రంగు అంచు, ఎంత స్పష్టంగా ఉందంటే పోగులు లెక్కపెట్టొచ్చు. నల్ల మేక నోట్లో ఆ అంచు పట్టుకుని తీరిగ్గా నములుతోంది. మల్లయ్య గొంగడితో నడిచి వెళుతున్నాడు. పాట లేదు, మాట లేదు.

మా రెండు వరుసలూ లేచి నిలబడ్డాయి. దర్జీలు ఈలలు వేశారు. సైనికులు కేకలు వేశారు. జన్మలో ముందుగా నోరు తెరవని మా అన్న, వదినె వైపు చూడకుండానే, "గది మన మూడో మగ్గందే" అన్నాడు. వదినె నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, నోటికీ కళ్లకూ ఒకే కొంగు చాలడం లేదు. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

ముందు వరుసలో ఒక కుర్రాడు కన్నీళ్లు తుడుచుకుంటూ కోపంగా వెనక్కి తిరిగాడు.

"గంత మంది సైనికులు సచ్చిపోతె మీకు ఈలలు ఎట్లొస్తున్నయి అవ్వా?"

వదినె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఎవ్వరు సావలే బిడ్డా. గా బట్టకు అంచున్నది సూడు."

అతను తెర వైపు తిరిగి చూశాడు. మా వరుసలో సైనికులు ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు.